ఆర్మగాం దీపం, మద్రాసు దీపం

నెల్లూరు తీరంలోని ఆర్మగాం లైట్‌హౌస్ గురించి చెప్పాలంటే మద్రాసు లైట్‌హౌస్‌ను పక్కన నిలబెట్టక తప్పదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకుంది. అక్కడ తమకు అండగా నిలిచిన ఆర్ముగం మొదలియారు పేరుతోనే ఆ చోటును ఆర్మగాం అని పిలిచింది. ఆ స్థావరానికి అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డేయే 1639లో దామర్ల నాయకుల నుంచి మద్రాసు స్థలానికి అనుమతి సంపాదించాడు. మరుసటి ఏడే కంపెనీ మకాం అక్కడికి మారింది.

ఓడకు ఏది మేలు అన్న ఒక్క ప్రశ్నే వేసుకుంటే ఈ మార్పు అర్థం కాదు. ఆర్మగాం ఎదుట నీటి అడుగున పెద్ద ఇసుక మేట ఉంది. తెలియక దాని మీదికి వచ్చిన ఓడకు అది గండం. దారి తెలిసి దాని వెనక్కి చేరిన ఓడకు మాత్రం అలల నుంచి కాపుదల. ఆ మరుగునే తర్వాత బ్రిటిష్ అడ్మిరల్ పేరిట బ్లాక్‌వుడ్ హార్బర్ అన్నారు. మద్రాసుకు ఆ పాటి మరుగు కూడా లేదు. 19వ శతాబ్దం చివర్లో రేవు కట్టేదాకా ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషులూ సరుకూ మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు చేరాల్సిందే. అయినా మద్రాసే గెలిచింది. కంపెనీకి కావలసింది నేత బట్ట. అది అక్కడ చవకగా దొరికింది, స్థానిక పాలకుడూ కలిసొచ్చాడు. ఆర్మగాంలో అవి రెండూ కుదరలేదు. పైగా పక్కనే పులికాట్‌లో డచ్చివాళ్ల కోట.

దీపాల కథ కూడా ఇలాగే చీలింది. మద్రాసు దీపం 1796లో సెయింట్ జార్జి కోటలోని ఒక భవనం మీద కొబ్బరినూనెతో వెలిగింది. 1844లో డోరిక్ శైలి రాతి స్తంభం ఎక్కింది, 1894లో హైకోర్టు గోపురానికి మారింది, 1977లో మెరీనా ఒడ్డుకు చేరింది. ఎక్కిన ప్రతి కట్టడమూ నగరం దర్జాను చాటేదే. 19వ శతాబ్దంలోనే వెలిగిన ఆర్మగాం దీపానికి చాటవలసిన నగరం లేదు. ఇసుక మేట ఉందని చెప్పడమే దాని పని.

ఆ పని ఎంత కష్టమో పరికరాలను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఒక దీపం కాంతి అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. దాన్ని ఒకచోట కూర్చడానికి వాడే ఫ్రెనెల్ కటకంలో నడిమి గాజు బిళ్ల చుట్టూ మెట్లు మెట్లుగా గాజు వలయాలుంటాయి. ఒక్కో వలయం తన వాలును బట్టి కాంతిని వంచి, సముద్రం మీద అడ్డంగా సాగే ఒకే పుంజంగా కూరుస్తుంది. కటకం తిరుగుతుంటే దూరాన ఉన్నవాడికి అది మెరుపులా కనిపిస్తుంది. రెండు మెరుపుల మధ్య వ్యవధే ఆ దీపం సంతకం. సరంగు గడియారం చూసి లెక్కపెట్టి, పట్టికతో పోల్చి, తానెక్కడున్నాడో తేల్చుకుంటాడు. అయితే ఎంత వెలుగున్నా భూమి వంపును దాటలేదు. 30 మీటర్ల ఎత్తున వెలిగే దీపం బోటులో నిలబడ్డ మనిషికి సుమారు 25 కిలోమీటర్ల దాకానే అందుతుంది. విశాఖ డాల్ఫిన్స్ నోస్ దీపానికి కొండే పీఠమైంది. నెల్లూరు ఒడ్డున ఇసుక, తాటిచెట్లు, సరుగుడు తోటలే. అక్కడ ఎత్తంతా మనిషి కట్టుకోవలసిందే.

అందుకే లైట్‌హౌస్‌గా నా మొగ్గు ఆర్మగాం వైపే. రేవుకు పిలిచే దీపం వచ్చేదెవరో ఎంచలేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించడానికి వచ్చినప్పుడు, ఆర్పకుండా ఉంచిన రేవు దీపాలు దానికీ దారి చూపాయి. అపాయాన్ని చూపే దీపంతో ఆ చిక్కు లేదు. ఎవరి ఓడనైనా ఆపదకు దూరంగా ఉంచడమే దాని ధర్మం. మద్రాసు దీపానికి చరిత్ర పుస్తకాల్లో చోటుంది, మెరీనా స్తంభానికి లిఫ్టూ ఉంది. ఆర్మగాం పేరు మన పాఠాల్లో కంపెనీ విడిచి వెళ్లిన ఊరుగా ఒక్క వాక్యంలో ముగిసిపోతోంది.

2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు కడతామని, తొలి దశ 2018 చివరికి పూర్తి చేస్తామని రాసింది. ఆ గడువు దాటిపోయింది, రేవు రాలేదు. రేవు వచ్చినా రాకపోయినా, ఫ్లెమింగోలను చూపించడానికి పిల్లల్ని పులికాట్‌కు తీసుకెళ్లే నెల్లూరు ఉపాధ్యాయులకు ఒక మనవి. అనుమతి తీసుకుని ఆర్మగాం లైట్‌హౌస్ కూడా చూపించండి. ఆ ఇసుక మేట కథ అక్కడే చెప్పండి.