కావేరిపట్టణం ఏ ఏటి ఒడ్డున? – ఓడ జాబితాల పాఠవిమర్శ

తాటాకు ప్రతిని పరిష్కరించేవాడు ముందు లేఖకుణ్ణి పట్టుకుంటాడు. అతను ఏ ప్రాంతంవాడు, ఏ అక్షరాన్ని ఏ అక్షరంగా పొరబడే అలవాటు ఉంది, విని రాశాడా, చూసి రాశాడా అన్నవి తేల్చుకున్నాకనే పాఠం జోలికి వెళతాడు. మన పూర్వికులు కూలి ఒప్పందం మీద సముద్రం దాటినప్పుడు తయారైన ఓడ జాబితాలను చదివేటప్పుడు మాత్రం ఈ జాగ్రత్త కనబడదు. అందులో ఉన్న పేరు పేరే, ఊరు ఊరే అనుకుని మొదలుపెడతాం. దొరకకపోతే రికార్డు అసంపూర్ణం అని పక్కన పెడతాం. చాలాసార్లు అసంపూర్ణంగా ఉన్నది రికార్డు కాదు, మన చదువు.

దక్షిణాఫ్రికాలోని నటాల్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1866లో ఆగిన ఈ వలస 1874లో మళ్ళీ మొదలై 1911 దాకా సాగింది. మొత్తం 1,52,184 మంది. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారు. మనిషికొక వరుస, వరుసకొక సంఖ్య. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. మేస్త్రీల వెంట రంగూన్‌కు పోయిన మన కోస్తా కూలీలకు ఈపాటి కాగితం కూడా లేదు. ఆ మేరకు నటాల్ కుటుంబాలు అదృష్టవంతులనే చెప్పాలి.

ఈ జాబితాల ఆధారంగా సురేంద్ర భానా 1991లో వెలువరించిన అధ్యయనం 1860 నుంచి 1902 వరకు వచ్చినవారిని లెక్కకట్టింది. ఏ జిల్లా నుంచి ఎందరు, ఆడవారెందరు, ఏ వయసువారు అన్న ప్రశ్నలకు అటువంటి పని లేకుండా జవాబు లేదు. అయితే లెక్క కోసం చదవడం వేరు, వంశం కోసం చదవడం వేరు. వేలమందిని కూడేటప్పుడు ఒక అక్షరం తప్పు లెక్కలోకి రాదు. ఒక మనిషిని వెతికేటప్పుడు ఆ అక్షరమే సర్వస్వం.

మచ్చుకు ఒక వరుస చూద్దాం. ఇది ఏ నిజమైన మనిషిదీ కాదు, ఆ వరుసల తీరు తెలియడానికి నేను కూర్చినది: మునిసామి, తండ్రి యెంకటపా, వయసు 22, కులం గవరై, జిల్లా సేలం, తాలూకా కిష్నగిరి, ఊరు కావరిపటం, ఎడమ మోకాలి మీద మచ్చ. ఆరో తరం మనుమరాలు డర్బన్‌లో కూర్చుని ఈ వరుసను మాత్రమే పట్టుకుని మన వైపు చూస్తోందనుకోండి. ఆమెకు మనం ఏం చెప్పగలం?

ఈ వరుస ఒకరు రాసినది కాదు. మునిసామి తన నోటితో చెప్పాడు. అతన్ని తీసుకొచ్చిన దళారి దాన్ని ఇంకొకసారి చెప్పి ఉంటాడు. మద్రాసు డిపోలో ఎక్కువగా తమిళానికి అలవాటుపడిన చెవి దాన్ని విన్నది. ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చిన చెయ్యి రాసింది. డర్బన్‌లో మరో గుమాస్తా చూసి ఎత్తి రాశాడు. పాఠపరిష్కర్తల భాషలో చెప్పాలంటే మొదటి రెండు దశల్లో చెవి తప్పులు, చివరి దశలో కంటి తప్పులు. ఈ రెండింటినీ కలిపి ‘స్పెల్లింగు దోషం’ అని కొట్టిపారెయ్యడం భాషాశాస్త్రం చదువుకున్నవాళ్ళు చెయ్యవలసిన పని కాదు.

మునిసామి అన్న పేరు మనకు పెద్దగా సాయపడదు. అది తమిళులకూ ఉంది, మనకూ ఉంది. చిత్తూరు, కోలారు, హోసూరు, కృష్ణగిరి ప్రాంతమంతా మునియప్పలు, మునెమ్మలు. అదే అప్పలసామి అని ఉంటే జిల్లా గడి ఖాళీగా ఉన్నా సింహాచలం కొండ కనబడుతుంది, విశాఖ వైపు వెతకవచ్చు. మునిసామి అంత ఉదారుడు కాడు.

తండ్రి పేరు దగ్గర ఆగాలి. తమిళ ఉచ్చారణలో అనునాసికం పక్కన క-కారం గ-కారమవుతుంది, వెంకట వెంగట అవుతుంది. కాబట్టి ‘వెంగట’ అని ఉంటే చెప్పినవాడు తమిళుడని కొందరు తేల్చేస్తారు. తొందరపాటు. ఆ గ-కారం చెప్పినవాడిది కావచ్చు, విన్నవాడిది కావచ్చు. మొత్తం మీద అది దేనికీ సాక్ష్యం కాదు. ‘యెంకట’ సంగతి అలా కాదు. మాట మొదట వ-కారం పోయి యె-కారం రావడం, క-కారం క-కారంగానే నిలవడం మన పల్లె తెలుగు లక్షణాలు. గుమాస్తా చదువుకున్న రూపం వెంకట, అతని చెవికి అలవాటైన రూపం వెంగట. అతనికి ఏ రకంగానూ సొంతం కాని యెంకట కాగితం మీదకు వచ్చిందంటే అది ఎదురుగా నిలబడ్డ మనిషి నోటి నుంచే రావాలి. పాఠవిమర్శలో క్లిష్టమైన పాఠమే మేలైన పాఠం అనే సూత్రం ఉంది కదా. ఇక్కడ పనిచేసేది అదే. ఇక చివరి ‘పా’ అప్ప శబ్దం; ద్విత్వం ఇంగ్లీషు చేతిలో పోయింది. యెంకటప్ప అనే రూపం కోస్తా వైపు కంటే హోసూరు, కోలారు, అనంతపురం పట్టీలో ఎక్కువగా వినిపిస్తుంది. జిల్లా, తాలూకా చిరిగిపోయినా ఈ ఒక్క పేరు మనల్ని సగం దూరం తీసుకురాగలదు.

కులం గడిలో ఉన్న గవరై పెద్ద ఉచ్చు. తమిళ జిల్లాల్లో కవరై అంటే బలిజలు. విశాఖపట్నం, అనకాపల్లి వైపు గవర అనేది వేరే కులం, వ్యవసాయదారులు. చివరి ‘ఐ’ని గుమాస్తా వదిలేసి ‘గవర’ అని రాసి ఉంటే, మన మునిసామి ఒక్క అక్షరం తేడాతో అనకాపల్లికి చేరతాడు. అట్లాగే ‘వడుగ’ అని ఉంటే అది కులమే కాదు, తమిళులు తెలుగువాణ్ణి పిలిచే మాట. పాత ఇంగ్లీషు కాగితాల్లో జెంటూ అన్నదీ ఇలాంటిదే. డిపోలోనో, ఆ దేశం చేరాకో కొందరు కులం పేరు మార్చి చెప్పుకున్నారని చరిత్రకారులు చెబుతూ వచ్చారు. కనుక ఈ గడిలో ఉన్నదాన్ని మనిషి కులంగా కాక, ఆ రోజు ఆ బల్ల దగ్గర జరిగిన సంభాషణ ఫలితంగా చూడటం క్షేమం.

ఇప్పుడు ఊరు. కావేరిపట్టణం పేరు విన్న దూరదేశపు మనిషి పటం తీసి కావేరి వెంట వేలు పెట్టి వెతకడం సహజం. ఆ వేలు చివరికి సముద్రం ఒడ్డున కావేరిపూంపట్టణం దగ్గర ఆగుతుంది. అది పూర్వపు తంజావూరు జిల్లా, ఇప్పుడు మయిలాడుదురై జిల్లా. చోళుల రేవుగా ప్రసిద్ధి. అంతకంటే గొప్ప పూర్వికుల ఊరు ఎవరు కోరుకుంటారు! కాని మన కావేరిపట్టణం కృష్ణగిరికి దక్షిణాన, ధర్మపురి దారిలో, దక్షిణ పెన్న ఒడ్డున ఉంది. కావేరికీ దానికీ ఉన్న చుట్టరికం పేరులోనే. 1767లో మొదటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషువారు పట్టుకున్నదీ, హైదర్ తిరిగి తీసుకున్నదీ ఈ ఊరే. 1792లో బారామహల్‌తో పాటు కంపెనీకి దక్కింది. హోసూరు వైపు 1799లో చేరింది. హోసూరుదీ ఇదే చిక్కు. కన్నడంలో కొత్త ఊరు అని అర్థం వచ్చే ఈ పేరుతో ఊళ్ళు ఎన్నో; తమిళంలో మొదటి హ-కారం పోయి ఓసూరు; తమిళుడు పుదూరు అన్నచోట మనం కొత్తూరు అంటాం. మూడు భాషలు కలిసే చోట ఊరి పేరును కూడా వినేవాడు తన భాషలోకి తిప్పుకోగలడు.

జిల్లా గడి కూడా కదులుతుంది. సేలం అని ఉన్నదని ఇవాళ్టి సేలం జిల్లాలో వెతికితే కావేరిపట్టణం లేదు. 1965లో సేలం నుంచి ధర్మపురి విడిపోయింది, 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరి. ఉత్తర ఆర్కాటు అని రాసిన వరుసల్లో కొన్ని ఊళ్ళు 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలోకి వచ్చి, ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. కొన్ని తమిళనాడులో మిగిలాయి. ‘మీది ఆంధ్రమా, తమిళమా’ అని ఇప్పుడు మనం వేసే ప్రశ్న ఆ బల్ల దగ్గర ఎవరూ వెయ్యలేదు.

ఇక్కడే నా అసలు అభ్యంతరం. 1990లో మారిషస్‌లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన తరువాత ప్రవాసాంధ్రుల గురించి మనవాళ్ళు ఉత్సాహంగా రాశారు. మంచిదే. కాని ఆ ఉత్సాహంలో నాయుడు అన్న పేరు కనబడగానే గోదావరి జిల్లాలో, విశాఖ తీరమో ఊహించుకునే అలవాటు స్థిరపడింది. విశాఖ నుంచి చాలామంది వెళ్ళారు, సందేహం లేదు. అయితే ఉత్తర ఆర్కాటు, చెంగల్పట్టు, సేలం జిల్లాల తెలుగువారిని ఎక్కడ పెడతారు? 1876–78 కరువు సేలం జిల్లాను తినేసింది. 1871లో దాదాపు 19 లక్షల 67 వేలున్న జనం 1881 నాటికి 16 లక్షలకు పడిపోయారు. నటాల్ వలస తిరిగి మొదలైన రెండేళ్ళకే ఈ కరువు వచ్చిందని గుర్తుంచుకోవాలి. ఆ దారి పట్టినవారి ఇళ్ళల్లో తెలుగు ఉంది, బయట తమిళం ఉంది, సంతలో కన్నడం కూడా ఉంది. వారి పిల్లలు డర్బన్‌లో తమిళ బడికి పోయి ఉంటే ‘తెలుగు మరిచారు’ అనడం ఎంత సులభం! ఇక్కడే వారికి రెండూ ఉండేవి.

నాయుడు అన్న మాటకు నటాల్‌లో చివర రెండు ‘ఓ’లు పెట్టి రాస్తారు. అది అక్కడి వింత కాదు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు రాతలో ఉ-కారానికి అదే గుర్తు. తరువాత హంటర్ పద్ధతి వచ్చి మన దేశంలో ‘యు’ నిలిచింది, వారిది పాత రాత పాతగానే మిగిలింది. మన దగ్గర చెరిగిపోయిన ఒక లిపి అలవాటును వారి ఇంటి తలుపు మీది పలక దాచిపెట్టింది.

ఈ జాబితాలో లేని గడి ఒకటుంది. ఇంటిపేరు. మనిషి పేరు, తండ్రి పేరు, కులం అనే వరుస తమిళ పద్ధతికి సరిపోతుంది. తెలుగువాడి వంశాన్ని పట్టించే ఒక్క మాట అడిగే చోటే లేదు. ఆ దేశంలో తరువాత ఇంటిపేరు కావలసి వచ్చినప్పుడు తాత పేరో, పట్టమో ఆ స్థానంలోకి వచ్చింది. కాబట్టి ఒకే మునిసామి మనుమలు మునిసామి అనీ, నాయుడు అనీ రెండు ఇంటిపేర్లుగా విడిపోయి ఉండవచ్చు. దీనికి తెల్లదొరలను మాత్రమే తిట్టి ప్రయోజనం లేదు. కృష్ణగిరి, హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో ఈనాటికీ బడి సర్టిఫికెట్లోను, రేషన్ కార్డులోను ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు మొదటి అక్షరమే ఉంటుంది. ఇంటిపేరు బయటికి వచ్చేది పెళ్ళి మాటల్లో, గోత్రంతో పాటు, పెద్దవాళ్ళ నోట. డర్బన్‌లో మంత్రం చదివేటప్పుడు గోత్రం ఇంకా చెప్పుకునే ఇళ్ళు ఉంటే, ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య మిగిలిన తాడు అదొక్కటే. ఈ కొసను మీరు మీ అవ్వ దగ్గర, పెదనాన్న దగ్గర అడిగి రాసి పెట్టుకోకపోతే, ఆ కొస ఎంత గట్టిగా ఉన్నా ముడి పడదు.

ఆడవారి వరుసలు ఇంకా కష్టం. నూరుమంది మగవారికి 40 మంది ఆడవారుండాలన్న నిబంధన కోసం డిపోలో కుదిరిన జంటలూ ఉన్నాయి. భార్య అని రాసినంతమాత్రాన ఇద్దరిదీ ఒకే ఊరని అనుకోరాదు.

అక్కడి కుటుంబం నుంచి ముందు అడగవలసింది ఇంటిపేరు కాదు, ఒప్పందపు సంఖ్య. తోట కాగితాల్లో, ఫిర్యాదుల్లో, పెళ్ళి నమోదులో అదే వెంట వస్తుంది. పేరు ప్రతిచోటా మారుతుంది. మునిసామి పేరుతో ఎందరో దొరుకుతారు, సంఖ్యతో ఒక్కడే.

సంఖ్య దొరికి, వరుస దొరికి, పెన్న ఒడ్డు కావేరిపట్టణమే అని తేలాక కూడా ఒక సందేహం మిగులుతుంది. కావేరిపట్టణం దారి మీది ఊరు, చుట్టుపక్కల పల్లెలకు పేరున్న ఊరు. మద్రాసులో ‘ఏ ఊరు’ అని గద్దించినప్పుడు పల్లెవాడు తన పల్లె పేరు చెప్పడు, ఎదుటివాడికి తెలిసిన పేరు చెబుతాడు. మనం ఇప్పటికీ అంతే కదా, హైదరాబాదు వెళితే హోసూరు అంటాం. అందుచేత కావేరిపట్టణం వీధుల్లో యెంకటప్ప కోసం అడిగి లేడనిపించుకుని వెనక్కి రాకూడదు. పెన్నేశ్వరమఠం నుంచి మొదలుపెట్టి ఏటికి రెండు వైపులా తెలుగు మాట్లాడే పల్లెల్లో, ఏ ఇంటిపేరువాళ్ళు కరువులో కొడుకును పోగొట్టుకున్నామని చెప్పుకుంటారో అడగాలి.