లోపలికీ బయటికీ నడుమ: ముస్తాబాద్ ప్రాంతపు ఇళ్లలో వాకిలి, అరుగు, భవంతి

వ్యాస సంగ్రహం:
ఇంటి లోపలిని ఆరుబయటితో కలపాలన్న మాట నేటి గృహనిర్మాణ చర్చల్లో తరచుగా వినిపిస్తున్నది. రాజన్న సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ పరిసరాల్లోని పాత ఇళ్లు ఈ కలయికను వాకిలి, అరుగు, భవంతి అనే అంచెల ద్వారా సాధించాయి. ఆ అంచెలు ఎండ నుంచి కాపాడాయి, పనికి చోటిచ్చాయి. అదే సమయంలో కులభేదాన్నీ నిలబెట్టాయి. ఈ రెండో పార్శ్వాన్ని విస్మరించిన ప్రశంస అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వాకిలి, అరుగు, భవంతి, గడి, బీడీ పని, స్లాబు ఇల్లు.

1. ప్రవేశిక:
1930లో సికిందరాబాదులో జన్మించిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా, ఉష్ణదేశాల్లో ఆకాశానికి తెరిచి ఉన్న చోటు కూడా ఒక గదితో సమానమని వాదించారు. ఉదయం, సాయంత్రం, రాత్రి వేళల్లో మనిషి నీడ నుంచి గాలికి, గాలి నుంచి నీడకు మారుతూ ఉంటాడన్నది ఆ వాదానికి ఆధారం. తెలంగాణ పల్లె ఇంటికి ఈ భావన కొత్తది కాదు. అయితే ఆ తెరిచిన చోటు ఎవరికి తెరిచి ఉన్నదన్న ప్రశ్నను వాస్తు విమర్శ తగినంతగా వేయలేదు.

2. అంచెల ఇల్లు:
పాత పెంకుటింట్లో బయటినుంచి లోపలికి ఒక్క అడుగులో చేరుకోలేము. అలుకు చల్లి ముగ్గు పెట్టిన వాకిలి, దాని తరువాత అరుగు, ఆపైన కడప దాటాలి. కలిగినవారి ఇళ్లలో ఆ తరువాత నడుమ ఆకాశం కనిపించే భవంతి, దాని చుట్టూ అర్రలు, వెనుక పెరడు ఉంటాయి. భవంతి నేల రాత్రివేళ వేడిని ఆకాశానికి వదిలి చల్లబడుతుంది. పగలు చూరు నీడ ఆ చల్లదనాన్ని కొంతసేపు నిలుపుతుంది. ఎండలు నలభై డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఇది అలంకారం కాదు, అవసరం.

పండుగ నడక కూడా ఈ అంచెల వెంటే సాగుతుంది. బతుకమ్మను ఇంట్లో పేర్చి, పూజించి, వాకిట్లోకి తెచ్చి ఆడి, చివరకు చెరువుకు సాగనంపుతారు. ఇంటికీ ఊరికీ ఉన్న సంబంధాన్ని స్త్రీలు నడిచి చూపే సందర్భమిది.

3. అరుగు – పనిచోటు:
సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో వేలాది స్త్రీలకు బీడీలు చేయడం జీవనాధారం. తునికాకు, తంబాకు ఉన్న చాటను ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి కూర్చునే ఈ పనికి వెలుతురు కావాలి, గాలి కావాలి, పక్కన మాట కలిపే మనిషి కావాలి. అరుగు ఈ మూడింటినీ ఇచ్చింది. గృహాలంకరణ రచనలు ఆరుబయటి చోటును విశ్రాంతి స్థలంగానే చూస్తాయి. ఇక్కడి స్త్రీకి అది కూలి సంపాదించే స్థలం. తంబాకు ధూళి మూసిన గదిలో నిలిచిపోతుంది కనుక అరుగు లేకపోవడం ఆరోగ్య సమస్య కూడా అవుతుంది.

4. కడప దాటని మనుషులు:
ఈ అంచెలే మనుషులను వేరుచేసే మెట్లు కూడా అయ్యాయి. ఎవరు అరుగు మీద కూర్చోవచ్చు, ఎవరు వాకిట్లోనే నిలబడాలి అన్నది కులమే నిర్ణయించింది. గడిలో ఈ విభజన పరాకాష్ఠకు చేరింది. 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన దాశరథి రంగాచార్య నవల ‘చిల్లర దేవుళ్లు’ దొర గడిని, వెట్టిని, ఆడబాపల బతుకును చిత్రించింది. వెట్టివాడికి గడి వాకిటితోనే ముగుస్తుంది. ఆడబాపకు గడి దాటి బయట అన్నదే లేదు. ఒకే కట్టడం ఒకరికి లోపలిని నిరాకరించి, మరొకరికి బయటిని నిరాకరించింది.

1978 సెప్టెంబర్ 7 నాటి జగిత్యాల జైత్రయాత్రను, ఆ అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడాన్ని ఈ నేపథ్యంలోనూ చదవవలసి ఉంటుంది. భూమి, కూలి, వెట్టి అనే ప్రశ్నల్లో గడి ముందు ఎలా నిలబడాలన్న ప్రశ్న కూడా ఇమిడి ఉంది. కాబట్టి పాత ఇంటిని కేవలం చల్లదనపు జ్ఞాపకంగా కీర్తించడం చరిత్రను సగమే చెప్పడమవుతుంది.

5. స్లాబు ఇల్లు:
గల్ఫ్ వలస సంపాదనతో ఈ పల్లెల్లో స్లాబు ఇళ్లు పెరిగాయి. ప్రహరీ, ఇనుప గేటు, గ్రిల్లు వేసిన వరండా వాటి గుర్తులు. పరాయి వాకిట్లో నిలబడిన కుటుంబానికి సొంత గేటు గౌరవచిహ్నం. దానిని ఆడంబరమని తీసిపారేయడం న్యాయం కాదు. కానీ పగలు వేడెక్కిన కాంక్రీటు రాత్రి ఆ వేడిని గదుల్లోకే వదులుతుంది. వాకిట్లో మంచం వేసుకున్న మనుషులు దాబా మీదికి చేరారు. మెట్లెక్కలేని వృద్ధులు లోపలే మిగిలారు. బీడీల చాట టీవీ గదిలోకి వచ్చింది. గౌరవం పెరిగింది, గాలి తగ్గింది.

6. ముగింపు:
పాత ఇంటి నుంచి స్వీకరించవలసింది దాని ఆకారం కాదు, అంచెల తర్కం. విడిచిపెట్టవలసింది ఆ అంచెలకు కులం అంటగట్టిన అర్థం. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కనీసం 400 చదరపు అడుగుల ఇంటిని నిర్దేశిస్తున్నది. ఆ కొద్దిపాటి చోటులో నీడ ఉన్న అరుగును గదితో సమానంగా లెక్కించాలా వద్దా అన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు. అది పగలంతా ఇంటిపట్టున పనిచేసే స్త్రీ శ్రమకు విలువ కట్టే ప్రశ్న. ఎవరైనా వచ్చి కూర్చోగలిగిన అరుగు ఉన్ననాడే ఇంటి లోపల నిజంగా బయటితో కలుస్తుంది.