తెర తాడు పట్టుకున్న పిల్లాడు

నవా రాయపూర్‌లో బడి పిల్లలు సంగీత నాటకం వేస్తామంటే ఆదర్శం పక్కనే ఉంది. 1923లో రాయపూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’ను ఛత్తీస్‌గఢ్ జానపద నాటకమైన నాచా కళాకారుల పాటలతో, దాదాపు ఖాళీ వేదిక మీదే నడిపించాడు. మాయలూ కావాలంటే మాత్రం మన సురభి వాళ్లను చూడాల్సిందే.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన నాటక కుటుంబాలవి. వాళ్ల ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరొస్తాయి. కంటికి ఆనని దారం, వింగులోంచి దాన్ని ఆడించే చెయ్యి, అంతే కిటుకు! కానీ ఆ లాగుడు తబలా దెబ్బతో కలవాలి. కాస్త ముందైతే లడ్డూ ముక్కుకి తగులుతుంది, ఆలస్యమైతే నటుడు గాలి నములుతాడు.

అందుకే బడి నాటకంలో నా చప్పట్లు పాడేవాళ్లకి కాదు (వాళ్లకెలాగూ వస్తాయి), వేషం దక్కక తెర తాడు పట్టుకున్న ఎనిమిదో తరగతి పిల్లాడికి. లైట్లు ఆరగానే చీకట్లో సింహాసనం ఈడ్చుకొచ్చి, నేల మీద టేపు అంటించిన గుర్తు దగ్గరే పెడతాడు, పాట అందుకునేలోగా మాయమవుతాడు. సురభిలో ఒకరోజు వేషం కట్టినవాడే మరోరోజు తెర లాగుతాడు. ఈ పద్ధతి మన బడులకి ఎందుకు పట్టదో!