నవ్వు వెనుక భయం

హాస్యనటుడు గంభీర పాత్ర ధరిస్తే 'ఎదిగాడు' అనడం మన విమర్శకు అలవాటు. నవ్వించడాన్ని కింది మెట్టున నిలిపే ఈ అంచనాను నేను అంగీకరించలేను. సునీల్ ప్రస్థానమే ఇందుకు సాక్ష్యం.

'నువ్వు నాకు నచ్చావ్' (2001)లో అతడు పెద్దింటి పనివాడు. రాజమౌళి 'మర్యాద రామన్న' (2010)లో తండ్రి వదిలిన పొలం అమ్ముకోవడానికి సీమకొచ్చి, పగవాళ్ల ఇంట్లోనే అతిథి అవుతాడు. గడప లోపల నెత్తురు చిందరాదన్నది ఆ ఇంటి కట్టుబాటు. గడప దాటితే చావు. అంతవరకు నవ్వించిన బెదురుచూపే, తడబాటే అక్కడ బలహీనుడి ఆత్మరక్షణ అయ్యాయి. 'పుష్ప' (2021)లో ఎర్రచందనం కొనుగోళ్లపై పెత్తనం చేసే మంగళం శ్రీనులోనూ, ఆ పెత్తనం పోతుందేమోనన్న బెదురుగా అదే భయం కనిపిస్తుంది.

అయితే కల్లూరు నుంచి చూస్తున్న నాకొక అభ్యంతరం ఉంది. 'మర్యాద రామన్న' కథకు మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ చిత్రం. అక్కడి కుటుంబ కక్షకు సీమ వేషం తొడిగారు. మా పొలాలు అమ్మకానికి ఎందుకొస్తాయన్న ప్రశ్న ఆ చిత్రానికి పట్టదు. వానలేని యేళ్లు, ఎండిన బోర్లు, తీరని అప్పులు వేటకొడవలి కంటే ముందే రైతును బెదిరిస్తాయి. ఆ భయాన్ని అభినయించగల నటుడున్నాడు. రాయవలసిన బాధ్యత మనది.