జుర్రేటి ఒడ్డు మట్టి మిద్దెలు

బనగానపల్లెకు వచ్చే యాత్రికుడి దారి ముందే గీసి ఉంటుంది. పొద్దున యాగంటి, మధ్యాహ్నం బెలుం గుహలు, పొద్దు వాలేసరికి ‘అరుంధతి’ సినిమా తీసిన నవాబు బంగళా ముందర ఒక ఫొటో. వేసవైతే కారు డిక్కీలో ఒక పెట్టె బేనీషా మామిడి. దారి పక్క, జుర్రేరు అనే ఏటి ఒడ్డు పల్లెల్లో కనబడే మట్టి మిద్దెల దగ్గర మాత్రం ఎవరూ బండి ఆపరు. ఇదే మనిషి ఈజిప్టుకు పోతే అస్వాన్ దగ్గర పడవెక్కి, నైలు ఒడ్డున నూబియన్ల రంగురంగుల ఇళ్లు చూసి వస్తాడు. అదీ డబ్బులిచ్చి.

చూడదగ్గ ఇళ్లే అవి, అనుమానం లేదు. వాళ్లకు కలప కరువు. అందుకని దూలం అక్కర్లేని పైకప్పు కనిపెట్టుకున్నారు. వెనక గోడకు పచ్చి ఇటుకల వరసను ఏటవాలుగా ఆనించి కమానులా తిప్పుతారు. దాని మీద ఇంకో వరస, దాని మీద ఇంకోటి. కింద చెక్క ఆధారం పెట్టకుండానే కప్పు గదిని దాటేస్తుంది. హసన్ ఫతీ అనే ఈజిప్షియన్ వాస్తుశిల్పి 1940ల్లో ఈ పనితనానికి అబ్బురపడి, నూబియన్ మేస్త్రీలను పిలిపించి లక్సర్ ఎదుటి ఒడ్డున న్యూ గుర్నా అనే ఊరే కట్టించాడు. చదువుకున్నవాడొకడు మెచ్చుకున్నాక ప్రపంచం అటు తిరిగింది. మన మిద్దెలకు ఇంకా ఆ ఫతీ దొరకలేదు.

ఎండ వాళ్లకూ ఉంది, మనకూ ఉంది. మనకు కలిసివచ్చింది పొరలు పొరలుగా లేచివచ్చే రాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు రాతి పొరల గురించి గ్రంథం వెలువరించాడు. వజ్రాలు దొరికే గులకరాతి పొరకు భూగర్భ శాస్త్రంలో బనగానపల్లె పేరే నిలిచింది. అయితే ఇక్కడి జనానికి వజ్రం కంటే ఎక్కువ కూడు పెట్టింది ఆ పై పొరల్లోని సున్నపురాయి, మన నాపరాయి. పై మట్టి తీసేస్తే బండ పుస్తకంలో కాగితాల మాదిరి పడుకొని ఉంటుంది. గడ్డపార మొన సందులో పెట్టి, సుత్తెతో అంచు వెంబడి చిన్న చిన్న దెబ్బలు వేసుకుంటూ పోవాలి. తొందరపడి ఒక్క పెద్ద దెబ్బ వేస్తే ముక్కలే మిగులుతాయి. ఓపిక పడితే అంగుళం, రెండంగుళాల మందాన పలక మొత్తంగా లేస్తుంది. ఇంట్లో నేలకు అదే, అటకకు అదే, అరుగుకూ జాలాదికీ పశువుల తొట్టికీ అదే. దొడ్డి చుట్టూ నిలువునా పాతి కంచె కూడా దాంతోనే కడతారు.

గోడ మందం రెండడుగులకు తగ్గదు. ఇటొక ముఖం, అటొక ముఖం రాళ్లు పేర్చి, నడుమ చిల్లరాళ్లు, బురదమట్టి కూరతారు. మధ్య మధ్య గోడ మందమంతా పట్టే పొడుగు రాయి ఒకటి అడ్డం వేస్తారు. అది పడకపోతే ముఖాలు విడిపోయి గోడ పొట్ట పెడుతుంది. పాత మేస్త్రీ పనిని అంచనా కట్టాలంటే ఆ అడ్డరాళ్లు ఎన్ని పడ్డాయో లెక్కపెడితే చాలు.

అసలు విద్య కప్పులో ఉంది. వేప, తుమ్మ దూలాలు. వాటి మీద దంతెలు. దంతెల మీద నాప పలకలు, బండ దొరకని ఊళ్లలో అయితే కంపా ఆకూ. ఆపైన తడిమట్టి, అన్నిటికీ పైన చవుడు. చవుడు నేల అంటే రైతుకు మంట. విత్తనం వేస్తే మొలవదు, వాన పడితే నీళ్లు ఇంకవు. ఆ రెండు అవలక్షణాలే మిద్దె మీద గుణాలవుతాయి. చవుట్లో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ మూసేస్తాయి. నీళ్లు కిందికి దిగకుండా దోనెల వెంట జారిపోతాయి. గడ్డి మొలవదు కాబట్టి వేర్లు కప్పును తొలిచే భయం లేదు. రైతు తిట్టుకునే మన్నును నెత్తిన పెట్టుకున్న ఈ తెలివి ఎవరిదో గాని, వాళ్లకు దండం పెట్టాలి.

కాని చవుడు ఒకసారి వేసి మరిచిపోయే సరుకు కాదు. వాన దాన్ని కొంచెం కొంచెంగా కోసుకుపోతుంది. ఏటా తొలకరికి ముందే కొత్త చవుడు తెచ్చి, గడ్డలు చితక్కొట్టి, పలచగా పరచాలి. మొదటి వానకు అది మెత్తగా కూర్చుంటుంది. జుర్రేటి పక్క పల్లెలో ఒక అవ్వ తన మిద్దె చూపిస్తూ, “మిద్దె కారేది చవుడు లేక గాదు నాయనా, ఎక్కేవాళ్లు లేక” అంది. కొడుకులు బెంగుళూరులో ఉన్నారట. ఆమె చెయ్యి అందినంత వరకు గోడలు సుద్దతో తెల్లగా ఉన్నాయి, అడుగున ఎర్రమన్ను పట్టీ చెక్కుచెదరలేదు. ఆమెకు అందనిది పైకప్పే.

ఇంటి నడిమధ్య కప్పులో గవాచి ఉంటుంది. పొయ్యి పొగ పోవడానికి, వెలుతురు రావడానికి వదిలిన బొక్క అది. వాన వస్తే బండ మూసేస్తారు. మే నెల మిట్టమధ్యాహ్నం బయట నుంచి లోపలికి అడుగు పెడితే కళ్లకు ముందు చీకటి, వెంటనే ఆ గవాచి కింద నేల మీద పడ్డ ఎండ ముక్క, ఆ తర్వాత ఒంటికి చల్లదనం తెలుస్తాయి. అడుగు మందం మట్టి దాటి వేడి లోపలికి దిగేసరికి పొద్దు గూకుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ మిద్దె మీదికి ఎక్కి చాపలు పరుచుకొని ఉంటారు.

ఈ జుర్రేటి లోయలో జనం కాపురం ఎంత పాతదో చెప్పడానికి జ్వాలాపురం ఉంది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరి వచ్చిన బూడిద ఇక్కడ మందపాటి పొరగా మిగిలింది. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల బృందం ఆ బూడిదకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు కనుగొని 2007లో ప్రకటించింది. అంటే బూడిద వానకు ముందూ మనుషులున్నారు, తర్వాతా ఉన్నారు. ఆ బూడిదను తవ్వి అమ్ముకోవడమూ జరిగింది. అది వేరే బాధ.

నూబియన్ ఊళ్లను మింగింది అగ్ని కాదు, నీళ్లు. అస్వాన్ పెద్ద ఆనకట్ట కోసం 1963-64లో వేలాది కుటుంబాలను కోమ్ ఓంబో వైపు తరలించారు. అబూ సింబెల్ ఆలయాన్ని మాత్రం రాళ్లుగా కోసి పైకి ఎత్తి నిలబెట్టారు. మన జిల్లా వాళ్లకు ఈ కథ కొత్తగాదు. శ్రీశైలం జలాశయం కింద కృష్ణా, తుంగభద్రల ఒడ్డు ఊళ్లు మునిగినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురానికి తెచ్చుకున్నాం. మిద్దెలను ఎవరు విప్పుతారు? దేవుడి ఇల్లు కదిలింది, మనిషి ఇల్లు మునిగింది. అక్కడా అంతే, ఇక్కడా అంతే.

ఇప్పుడు మిద్దెలను తీసేస్తున్నది సిమెంటు స్లాబు. దాన్ని తప్పుపట్టే హక్కు ఏసీ గదిలో పడుకునే నాకు లేదు. ఏటా నెత్తిన చవుడు మోయమని ఎవరికి చెప్పగలం? అయితే అస్వాన్ పక్కన నూబియన్ ఊరు ఘర్బ్ సొహేల్‌లో పాత ఇళ్లకు అతిథులొచ్చాక కప్పులకు మరమ్మతు డబ్బు పుట్టింది. వచ్చినవాళ్ల సరదా కోసం తొట్లలో మొసలి పిల్లలను పెంచడమూ మొదలైంది. ఆ రెండోది మనకొద్దు గాని, మొదటిది ఎందుకు కాకూడదు? యాగంటి దారిలో నాలుగు మిద్దెలు బాగుచేసి రాత్రి బసకు ఇస్తే చాలు, చవుడు ఎక్కించేవాళ్లకు కూలి గిడుతుంది.

చూడాలనుకుంటే తొలకరికి ముందు రాండి, ఎండ భరించగలిగితే. చవుడు పని జరిగేది అప్పుడే. బండి ఊరి బయట ఆపి, అరుగు మీద పెద్దాయన ఉంటే “పెద్దాయనా, మిద్దె చూసి పోతాం” అని అడగండి. ఫొటో తర్వాత. కాదనేవాళ్లు తక్కువ. కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు. దానికి డబ్బు తీయబోయారో, కోపం వస్తుంది.