సంసారం గుట్టు, రోగం రట్టు

ఇది మా అవ్వ ఎప్పుడూ చెప్పే సామెత. ఇంటి సంగతులు నలుగురిలో పెట్టకు, రోగం మాత్రం దాచకు అని దాని అర్థం. పక్కింటివాళ్ళు మా ఇంటి కూపీ లాగబోతే అవ్వ మొదటి సగం అంటుంది. జ్వరం వచ్చినా చెప్పకుండా నేను బడికి బయలుదేరితే రెండో సగం అంటుంది. ఈ రెండు సగాలు ఒకదానికొకటి అడ్డం పడే సందర్భం ఉంటుందని నాకు మొన్నటి వేసవి సెలవుల దాకా తోచలేదు. తోచేలా చేసినవి రెండు ఇంగ్లీషు నవలలు.

బెంగళూరులో డిగ్రీ చదువుతున్న మా అక్క సెలవులకు హోసూరు వస్తూ వాటిని తెచ్చింది. ఒకటి డాఫ్నే డు మారియే రాసిన 'రెబెక్కా', 1938లో వచ్చింది. రెండోది షార్లెట్ బ్రాంటీ రాసిన 'జేన్ ఐర్', 1847 నాటిది. తెలుగు మీడియంలో చదివే నాకు ఇంగ్లీషు నవల అంటే కొండ ఎక్కినట్టే. 'రెబెక్కా' మొదటి ముప్పై పేజీలకు పది రోజులు పట్టింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ తర్వాత డిక్షనరీ ఎక్కడ పెట్టానో కూడా మరిచిపోయాను. తెలియని మాటలు వదిలేసి పరుగెత్తాను. ఈ రకం నవలలకు ఉన్న బలం అదే.

వీటిని సైకలాజికల్ థ్రిల్లర్లు అంటారు. 'జేన్ ఐర్' కాలానికి ఆ పేరు లేదు కానీ, ఆ దారి వేసిన పుస్తకాల్లో అదొకటి. మా నాయన చిన్నప్పుడు యండమూరి 'తులసిదళం' చదివి రాత్రి దీపం ఆర్పనివ్వలేదట. అందులో భయం చేతబడి చుట్టూ తిరుగుతుంది. 'రెబెక్కా'లో చేతబడి లేదు, దయ్యం లేదు. ఒక పెద్ద బంగళా, ఆ ఇంట్లో అందరికీ తెలిసినట్టుండి ఎవరూ పలకని ఒక విషయం, ఇంతే. భయమంతా చదివేవాళ్ళ మనసులో పుడుతుంది.

ఇక్కడ ఒక మాట. నేను కథ ముగింపుతో సహా చెప్పబోతున్నాను. ముందు పుస్తకం చదవాలనుకునేవాళ్ళు ఇక్కడ ఆగి, చదివాక మళ్ళీ రండి.

కథ చెప్పే అమ్మాయికి పేరు లేదు. నవల మొత్తంలో ఒక్కసారి కూడా ఆమె పేరు రాదు. మాక్సిమ్ డి వింటర్ అనే జమీందారును పెళ్ళి చేసుకుని, మాండర్లీ అనే ఆయన బంగళాకు రెండో భార్యగా వస్తుంది. మొదటి భార్య రెబెక్కా పడవ మునిగి చనిపోయింది. చనిపోయినా ఇల్లంతా ఆమే. ఆమె గది అలాగే ఉంది, ఆమె అక్షరాలున్న రుమాళ్ళు అలాగే ఉన్నాయి. ఇంటి పెత్తనం చూసే మిసెస్ డాన్వర్స్ కొత్త భార్యను అడుగడుగునా చిన్నబుచ్చుతుంది. ఒక విందుకు ఏ వేషం వేసుకోవాలో తానే సలహా ఇస్తుంది. పాపం ఈ పిల్ల నమ్మి వేసుకుని మెట్లు దిగుతుంది. తీరా చూస్తే అంతకుముందు విందులో రెబెక్కా వేసుకున్నది అచ్చం అదే వేషం. ఆ ఘట్టం చదువుతుంటే నా చెవులు వేడెక్కాయి. కొత్తగా అడుగుపెట్టిన చోట మనకు తెలియనిది అందరికీ తెలిసి ఉంటే ఎలా ఉంటుందో, అంత బాగా చెప్పిన పుస్తకం నేను ఇంతవరకు చదవలేదు.

తర్వాత సముద్రం అడుగున రెబెక్కా పడవ దొరుకుతుంది. లోపల ఆమె శవం ఉంటుంది. అప్పుడు మాక్సిమ్ భార్యకు నిజం చెప్తాడు. రెబెక్కాను తానే కాల్చి చంపాడు. ఆమె మీద తనకు ప్రేమ ఎన్నడూ లేదంటాడు. ఈ మాట వినగానే రెండో భార్య మనసు పట్టుకున్నది హత్యను కాదు. నా భర్త రెబెక్కాను ప్రేమించలేదన్న ఒక్క సంగతినే. ఆమెకు కొండంత ఊరట కలుగుతుంది.

సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, నాకూ ఊరట కలిగింది. అక్కడి నుంచి చివరి దాకా మాక్సిమ్ దొరికిపోకూడదని కోరుకుంటూ చదివాను. విచారణలో ఆయన తడబడితే నాకు గుండె దడ. పుస్తకం మూసి నీళ్ళు తాగుతుండగా తట్టింది: నేను ఇంతసేపూ ఒక హంతకుడి పక్షాన ఉన్నానే! రచయిత్రి గొప్పతనం ఇదే అనుకుంటాను. గుట్టు దాచే కుటుంబం గురించి ఆమె మనకు పాఠం చెప్పలేదు. మనల్నే ఆ కుటుంబంలో ఒకరిని చేసి, మన చేత గుట్టు దాయించింది. 1940లో హిచ్‌కాక్ తీసిన సినిమాలో ఈ హత్యను ప్రమాదంగా మార్చారు. భార్యను చంపిన మొగుడు శిక్ష లేకుండా పోవడం అప్పటి హాలీవుడ్ నియమాలకు కుదరదట. ఆ సినిమాకు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. కానీ అలా మారిస్తే ప్రేక్షకుడి చేతికి మరక అంటదు. నవల చదివినవాడి చేతికి అంటుతుంది.

ఇక సామెత దగ్గరికి వస్తాను. మాక్సిమ్ ఎలా బయటపడ్డాడు? రెబెక్కా చనిపోయిన రోజు లండన్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అదీ తన పేరుతో కాదు, డాన్వర్స్ అనే పేరుతో. అందరూ కలిసి ఆ డాక్టరును వెతుక్కుంటూ పోతారు. ఆమెకు క్యాన్సర్ ముదిరిందని, కొన్ని నెలలే బతికేదని ఆయన చెప్తాడు. అయితే ఆత్మహత్యే అయివుంటుందని అందరూ సరిపెట్టుకుంటారు. అంటే ఏమైంది? రోగం రట్టయింది, సంసారం గుట్టు నిలిచింది. మా అవ్వ సామెత అక్షరాలా నెగ్గింది! కానీ ఆ రోగం రెబెక్కా సొంత గుట్టు. పేరు మార్చుకుని మరీ దాచుకున్నది. దాన్ని ఆమెను అడగకుండా బయటపెట్టి, ఆమెను చంపినవాడి గుట్టు కాపాడారు. నవలలో అందరూ రెబెక్కా గురించే మాట్లాడతారు. రెబెక్కా తన మాట తాను చెప్పుకోవడానికి లేదు. ఆమె చెడ్డదని మనకు చెప్పిందెవరు? ముఖ్యంగా ఆమెను చంపినవాడే.

అందుకే ఈ నవలల్లో గుట్టు ఏమిటన్నది కాదు అసలు ప్రశ్న అని నాకనిపించింది. గుట్టు ఎవరిది, అది ఎవరిని కాపాడుతోంది, ఎవరి నోరు మూస్తోంది? ఇవి అడగాలి.

ఈ ప్రశ్నలు పట్టుకుని 'జేన్ ఐర్' మొదలుపెట్టాను. అందులో రోచెస్టర్ అనే జమీందారు ఇంటికి జేన్ పంతులమ్మగా వస్తుంది. రాత్రిళ్ళు పై అంతస్తు నుంచి వింత నవ్వు వినిపిస్తుంది. పెళ్ళి పీటల దాకా వచ్చాక గుట్టు తెలుస్తుంది. రోచెస్టర్‌కు ముందే పెళ్ళయింది. మతి చెడిన ఆ భార్య బెర్తాను మూడో అంతస్తులో కాపలా పెట్టి దాచాడు. ఆమెను మొదటిసారి చూపించే చోట రచయిత్రి ఒక జంతువును చూపించినట్టే వర్ణిస్తుంది. మనిషా మృగమా అని అర్థం కానట్టు.

అక్కడ నేను పుస్తకం పక్కన పెట్టేశాను. వారం రోజులు ముట్టలేదు.

ఎందుకంటే మా ఇంట్లోనూ వెనక ఒక గది ఉంది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా అత్తను చూడటానికి పెళ్ళివాళ్ళు వచ్చారు. మా చిన్నాయన ఆ రోజంతా వెనక గదిలోనే ఉన్నాడు. ఎవరైనా అడిగితే బెంగళూరులో పని చేస్తున్నాడని చెప్పమని మాకు ముందే చెప్పిపెట్టారు. నేనూ చెప్పాను. ఒకావిడ నా బుగ్గ గిల్లి "మీ చిన్నాయన ఏడమ్మా?" అంటే టకీమని అబద్ధం చెప్పాను. తెలివైన పిల్లవని తర్వాత మెచ్చుకున్నారు కూడా. ఆయనకు మనసుకు సంబంధించిన జబ్బు ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇప్పుడు చెప్పండి. రోగమే సంసారం గుట్టయితే సామెతలో ఏ సగం వాడాలి? అవ్వను అదే అడిగాను. చాలాసేపు పలకలేదు. "కాలు విరిగితే రోగం అంటారు పాపా, మనసు విరిగితే వంశం అంటారు" అంది. ఇంకేమీ అనలేదు. అత్త పెళ్ళి చెడిపోతుందనే దాచారు. వాళ్ళు రోచెస్టర్‌లా తమ సుఖం కోసం దాచలేదు. ఆ తేడా నేను మరిచిపోకూడదు. కానీ గదిలో ఉన్నవాడికి ఆ తేడా ఎంత తెలుస్తుంది?

ఈ కళ్ళతో చూస్తే ఈ రకం నవలల మీద నాకొక ఫిర్యాదు ఉంది. చాలా థ్రిల్లర్లలో, సినిమాల్లో కూడా, చివరి మలుపు ఒకటే: ఇంట్లో ఒకరికి మతి చెడింది, అన్నీ చేసింది వాళ్ళే. చదివేవాళ్ళు ఉలిక్కిపడాలి కాబట్టి జబ్బుమనిషిని భయంకరంగా చూపిస్తారు. బెర్తా చివరికి ఇల్లు తగలబెట్టి, పైకప్పు మీద నుంచి దూకి చనిపోతుంది. జేన్‌కు దారి సుగమమవుతుంది. అంత మంచి జేన్ కూడా బెర్తాతో ఒక్క మాట మాట్లాడదు. జీన్ రీస్ అనే రచయిత్రికీ ఇది నచ్చలేదని అక్క చెప్పింది. ఆమె కరీబియన్ దీవుల్లో పుట్టింది. బెర్తాది కూడా ఆ ప్రాంతమే. అందుకే 1966లో 'వైడ్ సర్గాసో సీ' అనే నవల రాసి బెర్తాకు వేరే పేరు, బాల్యం, సొంత మాట ఇచ్చింది. నేనింకా చదవలేదు. పేరు రాసి పెట్టుకున్నాను.

మన దగ్గర ఇలాంటి కథ లేదా అని మా తెలుగు అయ్యవారిని అడిగితే, "కర్ణుడు లేని భారతమా?" అని నవ్వారు. నిజమే. భారతంలో అన్నిటికన్నా పెద్ద ఇంటి గుట్టు కుంతిది. మానం కోసం దాచింది. దాని ధర కర్ణుడు కట్టాడు. యుద్ధమంతా అయ్యాక, తర్పణాల వేళ కొడుకులకు చెప్పింది. ధర్మరాజుకు కోపం వచ్చి, ఆడవాళ్ళ నోట రహస్యం దాగకుండుగాక అని శపించాడు. రెబెక్కాకు, బెర్తాకు దక్కనిది కుంతికి దక్కింది: తన గుట్టు తానే చెప్పుకుంది. చాలా ఆలస్యంగానైనా.

గుట్టు ఎవరిదైతే చెప్పే హక్కు వాళ్ళదే అని నేను తేల్చుకున్నాను. మన దేశంలో 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం కూడా జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఆ జబ్బున్న మనిషికే ఇచ్చింది. ఇంటి పరువుకు ఇవ్వలేదు.

ఆ లెక్కన ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు. అందుకే చిత్తు ప్రతి ముందు చిన్నాయనకు ఇచ్చాను. ఆయన ఇప్పుడు మాత్రలు వేసుకుంటూ రోజా తోటలో పని చూసుకుంటున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని రెండు సార్లు చదివాడు. నా చేతులు చల్లబడిపోయాయి. "ఇయ్యి, ఫరవాలేదు," అన్నాడు. "ఒకటే తప్పు రాసినావు. నన్ను గదిలో పెట్టి గడియ వేసినారని రాసినావు. బయట ఎవురూ వెయ్యలేదు. లోపల నేనే వేసుకున్నా. నన్ను చూసి మీ అత్తను ఒద్దంటారేమో అని."

ఆ వాక్యం కొట్టేశాను. బెర్తాను చదివి చిన్నాయనను ఊహించుకున్నాను గానీ, అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయనను అడగలేదు. జేన్ మీద ఫిర్యాదు చేసిన నేను జేన్ చేసిన పనే చేశాను.

'రెబెక్కా' తప్పక చదవండి. ఇంగ్లీషుకు భయపడకండి, ముప్పై పేజీలు ఓపిక పడితే చాలు. అమ్మానాయనలకు ఒక మాట: పిల్లలు ఇలాంటి పుస్తకాలు చదివితే చెడిపోతారని దాచకండి. చదివాక వాళ్ళు ఇంట్లో ఏదైనా అడిగితే మాత్రం కసరకుండా, చెప్పగలిగినంత చెప్పండి. చెప్పే హక్కు మీది కాకపోతే, అది ఎవరిదో చెప్పండి. మేము వాళ్ళనే అడుగుతాం.

— ప్లస్ టూ విద్యార్థిని