ఆ కేకలు ఖైదీలవి కావు

జానీ క్యాష్ అంటే నాకు పిచ్చి. 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ జైల్లో, ఖైదీల ముందు పాడి రికార్డు చేసిన ఆల్బమ్ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ‘ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్’లో కథకుడు తాను చేసిన హత్య చెప్పుకునే చోట ఒక్కసారిగా కేకలు రేగుతాయి. అవి తర్వాత స్టూడియోలో అతికించినవి. కాపలావాళ్ళ కళ్ళముందు అక్కడ అరవడమంటే మాటలా? మా అభిమానులం మాత్రం ఆ కేకలు వినే మురిసిపోతుంటాం.

అసలు వినాల్సింది చివరి పాట, ‘గ్రేస్టోన్ చాపెల్’. రాసింది గ్లెన్ షెర్లీ, అదే జైల్లో ఖైదీ. క్యాష్ దాన్ని ముందురోజు రాత్రే నేర్చుకున్నాడు. అతికించిన కేకల్లో ఖైదీలు వట్టి గుంపు. ఇక్కడ వాళ్ళలో ఒకడు కవి. ముందు వరసలోనే కూర్చున్నాడు. తన పాట పాడబోతున్నారని అతనికి తెలీదు.